గోల్డ్ టైటిల్ పరీక్ష: గింప్, ఇంక్‌స్కేప్‌లలో గ్రేడియంట్ ఎక్కడ తడబడుతుంది?

పెళ్ళికార్డు మీద "శ్రీరస్తు", ఫ్లెక్స్ మీద షాపు పేరు, యూట్యూబ్ థంబ్‌నెయిల్ మీద టైటిల్. మూడింటికీ కస్టమర్ అడిగేది ఒకటే: అక్షరాలు గోల్డ్‌లో మెరవాలి. డిజైన్ చేసేవాళ్ళకి ఆ మెరుపు అంటే గ్రేడియంట్, ఒక రంగు మెల్లగా ఇంకో రంగులోకి మారడం. ముదురు గోధుమరంగుతో మొదలై పసుపు, దాదాపు తెలుపు, మళ్ళీ పసుపు, చివర మళ్ళీ ముదురు. పై నుంచి కిందికి ఐదు రంగులు. కోరల్‌డ్రాలోనో ఫోటోషాప్‌లోనో చెయ్యి తిరిగినవాళ్ళు దీన్ని కస్టమర్‌తో మాట్లాడుతూనే చేసేస్తారు.

లైసెన్సు ఖర్చు తగ్గించుకోవడానికి ఉచితంగా దొరికే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌కి మారదామనుకుంటున్న ఒక చిన్న డిజైన్ యూనిట్ వాళ్ళు ఈ పని ఫోటోలు దిద్దే గింప్‌లో, గీతలతో బొమ్మలు గీసే ఇంక్‌స్కేప్‌లో ఎలా సాగుతుందో చూసి చెప్పమన్నారు. నేను చేసేది ఇంటర్‌ఫేస్‌ల పరిశీలన. సాఫ్ట్‌వేర్ ఏమేం చేయగలదో లెక్క తీయడం కాదు, మనిషి దాని ముందు ఎక్కడ ఆగిపోతాడో చూడటం. గ్రేడియంటే ఎందుకు ఎంచుకున్నానంటే, రంగు, స్థానం, దిశ, పారదర్శకత నాలుగూ ఒకేసారి చేతిలోకి వచ్చే పని ఇంకొకటి తొందరగా దొరకదు. టూల్‌లో లోపం ఉంటే ఇక్కడ బయటపడి తీరుతుంది.

కూర్చున్నది ఇద్దరు. ఒకాయన ఏళ్ళ తరబడి కోరల్‌డ్రాలో కార్డులు చేసిన పెద్దాయన. రెండో అబ్బాయి డిగ్రీ అయ్యి కొత్తగా చేరాడు, ఫోన్‌లో ఎడిటింగ్ యాప్‌లు తప్ప వేరే అలవాటు లేదు. స్టాప్‌వాచ్ పెట్టలేదు. ఇద్దరి మీద తీసిన సెకన్ల సగటుకి అర్థం ఉండదు. కాగ్నిటివ్ వాక్‌త్రూ పద్ధతిలో ప్రతి అడుగు దగ్గరా నాలుగు ప్రశ్నలు వేసుకుంటూ వెళ్ళాను. ఇప్పుడేం చెయ్యాలో మనిషికి తోస్తోందా? దానికి కావలసినది తెర మీద కనిపిస్తోందా? కనిపించినా, తనకు కావలసింది అదేనని పోల్చుకోగలుగుతున్నాడా? చేశాక పని జరిగిందని తెర చెబుతోందా? యూనిట్‌లో ఒక పాత కంప్యూటర్‌లో ఇంకా గింప్ 2.8 ఉంది, మిగతావాటిలో 2.10. 3.0ని నా ల్యాప్‌టాప్‌లో చూపించాను. ఇంక్‌స్కేప్ 1.2 తర్వాతిది.

నాకు తేలినది ముందే చెప్పేస్తాను. హ్యాండిల్ చిన్నదిగా ఉంది, బటన్ మూలన ఉంది లాంటి ఇబ్బందులు ఉన్నాయి గానీ వాటికి మనిషి రెండు రోజుల్లో అలవాటు పడిపోతాడు. అలవాటు పడలేనిది వేరే ఉంది. ఆపరేటర్ దృష్టిలో గ్రేడియంట్ ఆ అక్షరానిది, అంటే ఆ అక్షరం రంగు. సాఫ్ట్‌వేర్ దృష్టిలో అది ఒకచోట లిస్టులో ఉండే వస్తువు. ఒకచోట ఫైలు, ఇంకోచోట డాక్యుమెంట్ లోపల దాచిన నిర్వచనం, మరోచోట ఎంటర్ నొక్కగానే పిక్సెళ్ళుగా, అంటే ఉత్త రంగు చుక్కలుగా, మారిపోయే తాత్కాలిక గీత. మేం చూసిన పెద్ద తడబాట్లలో ఎక్కువ భాగం ఈ తేడా దగ్గరే పుట్టాయి.

గింప్: లిస్టులో ఉన్నది నాది కాదు

గింప్‌లో గ్రేడియంట్ ఎడిటర్ చాలా పాతది. 1998లో 1.0 వచ్చేనాటికే ఉంది. దాని మొదటి కోడ్ రాసింది ఫెడెరికో మేనా క్వింటెరో, మిగెల్ డి ఇకాజాతో కలిసి గ్నోమ్ డెస్క్‌టాప్‌ని మొదలుపెట్టినాయన. ఆ ఎడిటర్ ఆలోచన ఇప్పటికీ ఫైలు రూపంలో అలాగే ఉంది కాబట్టి, ఇంటర్‌ఫేస్ ఎందుకలా ఉందో అర్థం కావాలంటే ఫైలు చూడాలి. గింప్ గ్రేడియంట్ ఫైలు, అంటే జీజీఆర్, మామూలు టెక్స్ట్. పేరు, ఎన్ని ముక్కలున్నాయో ఒక సంఖ్య, ఆ తర్వాత ముక్కకో వరుస. ఒక్కో వరుసలో ముక్క ఎడమ చివర, మధ్య బిందువు, కుడి చివర ఎక్కడున్నాయో మూడు సంఖ్యలు, ఎడమ రంగుకి నాలుగు, కుడి రంగుకి నాలుగు, రంగు ఏ వంపులో మారాలో ఒకటి, ఆర్‌జీబీలో (ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్ళుగా) కలవాలా హెచ్‌ఎస్‌వీలో (రంగుల చక్రం మీదుగా) కలవాలా అన్నది ఒకటి. కొత్త వెర్షన్లలో ఇంకో రెండు కలిశాయి: ఆ చివరి రంగులు స్థిరమైనవా, లేక టూల్‌బాక్స్‌లోని ఫోర్‌గ్రౌండ్, బ్యాక్‌గ్రౌండ్ రంగుల్ని పట్టుకుని మారేవా అని. మొత్తం పదిహేను సంఖ్యలు.

మన గోల్డ్‌లో రంగులు ఐదు. గింప్ లెక్కలో అవి నాలుగు ముక్కలు, ఎనిమిది చివరలు. లోపలి మూడు రంగుల్లో ప్రతిదీ రెండుసార్లు ఉంటుంది, ఒకసారి ఎడమ ముక్కకి కుడి చివరగా, ఇంకోసారి కుడి ముక్కకి ఎడమ చివరగా. 2.8 ఎడిటర్‌లో మధ్య తెలుపుని కాస్త క్రీమ్ చేయాలంటే ఒక ముక్కని ఎంచుకుని రైట్ క్లిక్ చేసి కుడి రంగు మార్చాలి, పక్క ముక్కని ఎంచుకుని మళ్ళీ రైట్ క్లిక్ చేసి ఎడమ రంగు మార్చాలి. ఒకటి మార్చి ఆపేస్తే మధ్యలో కత్తిరించినట్టు గీత పడుతుంది. ఇది రాసినవాళ్ళకి తెలియనిదేం కాదు. ఆ మెనూలోనే ఎడమ పక్క ముక్క కుడి చివర రంగుని తెచ్చుకోమనే ఒక వరుస ఉంది. కష్టం ఉందని తెలిసి మందు పెట్టారు, కానీ ఆ మందుని మెనూ లోపలి మెనూలో దాచారు.

ముక్కల పద్ధతిని పూర్తిగా కొట్టిపారేయను. క్రోమ్ టైటిల్ చేసేటప్పుడు, అక్షరం నడుమ ఆకాశం ఆగి నేల మొదలైనట్టు ఒక పదునైన గీత కావాలి. ముక్కల పద్ధతిలో అది ఊరికే వస్తుంది, ఒకే బిందువు దగ్గర ఎడమ ఒక రంగు, కుడి ఇంకో రంగు. ముక్కలకి బదులు గీత మీద రంగు బిందువులు పెట్టే పద్ధతిలో అయితే రెండు బిందువుల్ని ఒకే చోటికి తేవాలి. తెచ్చాక కిందిది పట్టుకోవడానికి దొరకదు. ప్రతి ముక్కకీ విడిగా మధ్య బిందువు ఉండటం కూడా లోహపు మెరుపుకి బాగా పనికొస్తుంది. శక్తి ఉంది. అయితే పదిమందిలో ఒకరికి కావలసిన ఆ శక్తి ఖరీదుని పదిమందీ కడుతున్నారు.

2.8 ముందు కుర్రాడు ఆగిపోయింది ఇంతకంటే ముందే. లిస్టులో "గోల్డెన్" అని ఒకటి సిద్ధంగా ఉంది. అది ఎంచుకుని, ఎడిటర్ తెరిచి, రైట్ క్లిక్ చేశాడు. మెనూలో అన్నీ వెలిసిపోయి ఉన్నాయి. "అన్నా, ఇది హ్యాంగ్ అయినట్టుంది" అన్నాడు. హ్యాంగ్ కాలేదు. సాఫ్ట్‌వేర్‌తో పాటు వచ్చే గ్రేడియంట్లు సిస్టమ్ ఫోల్డర్‌లో ఉంటాయి, వాటిలో రాయడానికి అనుమతి ఉండదు. ముందు దాన్ని డూప్లికేట్ చేసుకుని, ఆ కాపీని మార్చుకోవాలి. కారణం సబబైనదే, ఎవరో "గోల్డెన్"ని పాడుచేస్తే తర్వాతివాడికి దొరకదు కదా. కానీ ఆ సంగతి తెర మీద ఎక్కడా రాసి లేదు. నాలుగు ప్రశ్నల్లో ఇది రెండోదాని దగ్గరే విఫలం. చెయ్యాల్సిన పని ఏంటో అతనికి తెలుసు, దాని తలుపు వేరే కిటికీలో ఉంది.

2018 ఏప్రిల్‌లో వచ్చిన 2.10 ఇక్కడ చాలా మార్చింది. అంతకుముందు ఆ టూల్ పేరు బ్లెండ్, కీ ఎల్. ఇప్పుడు పేరు గ్రేడియంట్, కీ జి. చిత్రం మీద గీత లాగితే ఆ గీత మీదే రంగు బిందువులు కనిపిస్తాయి. గీత మీద ఎక్కడైనా పట్టుకుంటే కొత్త బిందువు, గీతకి దూరంగా లాగి వదిలితే బిందువు మాయం. చిత్రం మూలలో ఒక చిన్న పెట్టె తేలుతూ ఉంటుంది, రంగు, స్థానం అందులోనే. పాత ముక్కల లెక్కని వదలకుండా పైకి బిందువుల్లా చూపించడానికి ఎడమ రంగు, కుడి రంగు మధ్య ఒక గొలుసు గుర్తు పెట్టారు. గొలుసు కలిపి ఉంటే రెండూ ఒకటే, విప్పితే పదునైన గీత. నా దృష్టిలో ఈ మొత్తం కథలో అన్నిటికంటే తెలివైన మార్పు ఈ గొలుసే. పాత ఫైళ్ళు పాడుకాలేదు, పాత శక్తి పోలేదు, కొత్తవాడికి అడ్డూ రాలేదు.

పెద్దాయన దీన్ని చూడగానే పట్టేశారు. "ఇదేగా మేం చేసేది" అన్నారు. కోరల్‌లో ఇంటరాక్టివ్ ఫిల్ కూడా జి కీయే, లాగే పద్ధతీ అదే.

అయినా ఎవరిది అన్న చిక్కు ఇంకో రూపంలో మిగిలింది. లిస్టులోని గ్రేడియంట్‌ని చిత్రం మీద మార్చడం మొదలెట్టగానే గింప్ గుట్టుగా దానికి ఒక కాపీ తీసి "కస్టమ్" అనే పేరుతో వాడుకుంటుంది. టూల్ ఆప్షన్లలో ప్రస్తుత గ్రేడియంట్‌నే మార్చమనే టిక్కు ఉంది, అది పెట్టకపోతే ఇదే తీరు. వెలిసిపోయిన మెనూ బాధ తప్పింది, మంచిదే. కానీ "కస్టమ్" ఉండేది ఒక్కటే. కుర్రాడు ఉదయం చేసిన గోల్డ్ అందులో కూర్చుంది. మధ్యాహ్నం ఇంకో పనికి నీలం గ్రేడియంట్‌ని కదిపేసరికి ఆ నీలం వచ్చి గోల్డ్ స్థానంలో కూర్చుంది. సాయంత్రం మళ్ళీ గోల్డ్ కావలసి వచ్చి వెతికాడు. చిత్రంలో రంగు ఉంది, దాని గ్రేడియంట్ ఎక్కడా లేదు. ఇది నాలుగో ప్రశ్న దగ్గర విఫలం. పని జరిగిందని తెర చెప్పింది, దాచలేదని చెప్పలేదు.

దీనికి పెద్ద కోడ్ మార్పు అక్కర్లేదనుకుంటాను. కాపీ తీసినప్పుడు "గోల్డెన్" నుంచి వచ్చిందని పేరులో కనిపించాలి. ఇంకో గ్రేడియంట్ దాన్ని తుడిచేసే ముందు ఒక్క వరుస హెచ్చరిక రావాలి. మా యూనిట్‌లో ఆ పని మనుషులతోనే చేయిస్తున్నాం: మొదట డూప్లికేట్ బటన్, యూనిట్ పేరుతో మొదలయ్యే పేరు, ఆ తర్వాతే కదపడం.

ఎంటర్ నొక్కాక సంగతి ఇంకోటి. గింప్‌లో గ్రేడియంట్ టూల్ చివరికి లేయర్ (చిత్రంలోని ఒక పొర) మీద పిక్సెళ్ళు రాస్తుంది. ఎంటర్ కొట్టేదాకా బిందువులు ప్రాణంతో ఉంటాయి, కొట్టాక అన్‌డూ తప్ప వెనక్కి దారి లేదు. 2025 మార్చిలో వచ్చిన 3.0లో ఫిల్టర్లని తర్వాత కూడా తెరిచి మార్చుకోవచ్చు, గ్రేడియంట్ టూల్ మాత్రం పాత తీరులోనే ఉంది. టైటిల్ పనికి ఇది బాగా తగులుతుంది, ఎందుకంటే టెక్స్ట్ లేయర్ మీదే గ్రేడియంట్ పోస్తే, తర్వాత కస్టమర్ ఫోన్ చేసి "పేరులో దీర్ఘం పెట్టండి" అన్నప్పుడు, టెక్స్ట్ టూల్‌తో ముట్టుకోగానే మార్పులు పోతాయని గింప్ అడుగుతుంది. అడగడం వరకూ మంచి మర్యాదే. తప్పించుకునే దారి: గ్రేడియంట్‌ని పైన విడి లేయర్‌లో పోసి, టెక్స్ట్ లేయర్ నుంచి ఆల్ఫా టు సెలెక్షన్‌తో అక్షరాల ఆకారాన్ని తీసుకుని, ఆ సెలెక్షన్‌తో లేయర్ మాస్క్ (అక్షరాల బయటి రంగుని కప్పేసేది) వేయడం. అక్షరం మారితే మాస్క్ మళ్ళీ వేసుకుంటే చాలు, రంగు క్షేమం.

ఇంక్‌స్కేప్: తెల్లగా కనిపించేది తెలుపు కాదు

ఇంక్‌స్కేప్ 2003లో సోడిపోడి నుంచి విడిపోయి పుట్టింది. దాని గ్రేడియంట్ ఎస్‌వీజీ అనే, గీతలతో గీసే బొమ్మల ప్రమాణం ప్రకారం నడుస్తుంది. ఇక్కడ ముక్కలు లేవు, బిందువులే. ఒక్కో బిందువుకి స్థానం, రంగు, పారదర్శకత. ఆ జాబితా డాక్యుమెంట్‌లో ఒక పక్కన నిర్వచనంగా ఉంటుంది, వస్తువు దాన్ని చూపిస్తుంది. లాభం పెద్దది: ఏడాది తర్వాత ఫైలు తెరిచినా గ్రేడియంట్ కదులుతుంది, అక్షరం అక్షరంగానే ఉంటుంది. టైటిల్ పనికి గింప్ కంటే ఇదే సరైన చోటని రెండో పూటకే తేల్చుకున్నాం.

ఎడిటర్ చరిత్ర మాత్రం అటూ ఇటూ ఊగింది. మొదట విడి డైలాగ్ ఉండేది. 2008లో 0.46తో బొమ్మ మీదే బిందువులు కలపడం, జరపడం, తీసేయడం వచ్చాయి. ఆ ఊపులో డైలాగ్ పాతదైపోయి మూలకి వెళ్ళింది. చాలాకాలం ఫిల్ అండ్ స్ట్రోక్‌లో గ్రేడియంట్ నొక్కితే ఒక అంకెల తోక ఉన్న పేర్ల లిస్టు కనిపించేది, మార్చాలంటే గ్రేడియంట్ టూల్‌కి వెళ్ళాలి. 2022 మేలో వచ్చిన 1.2లో ఫిల్ అండ్ స్ట్రోక్ లోపలే బిందువుల ఎడిటర్ తిరిగి వచ్చింది. రెండూ కావాలన్నది ఇక్కడ తేలిన పాఠం. దిశ, పొడవు బొమ్మ మీద బాగుంటాయి. ఐదు రంగుల్ని వరసగా చూసుకుని సరిచేయడం ప్యానెల్‌లో బాగుంటుంది. మా ఇద్దరిలో కుర్రాడు ప్యానెల్‌లో, పెద్దాయన బొమ్మ మీద హాయిగా ఉన్నారు. పెద్దాయనకి ఇంకో సంతోషం కూడా దొరికింది, కింది పాలెట్ నుంచి రంగుని లాగి గీత మీద వదిలితే కొత్త బిందువు అవుతుంది. కోరల్‌లో ఆయన చేతికి అలవాటైన కదలిక అదే.

ఇప్పుడు అసలు దెబ్బ. ఇంక్‌స్కేప్‌లో ఒక వస్తువుకి కొత్తగా గ్రేడియంట్ ఇస్తే మొదటి బిందువు ఆ వస్తువు రంగు, రెండో బిందువు అదే రంగు, కానీ పూర్తిగా పారదర్శకం. ఇందులో సాంకేతికంగా మంచి ఆలోచన ఉంది. బంగారు రంగు నుంచి పారదర్శకమైన నలుపుకి వెళ్తే మధ్యలో మసి పట్టినట్టు బూడిద రంగు వస్తుంది. అదే రంగు పారదర్శకమైతే శుభ్రంగా కరిగిపోతుంది. కానీ ఖాళీ పేజీ తెల్లగా ఉంటుంది. కుర్రాడికి అది "పసుపు నుంచి తెలుపు". మెరుపు వచ్చిందనుకుని, రెండో బిందువుని ముట్టుకోకుండా మిగతా రంగులు కలిపాడు. టైటిల్‌ని మెరూన్ బ్యాక్‌గ్రౌండ్ మీద పెట్టేసరికి అక్షరాల కింది సగం మెరూన్‌లో కలిసిపోయింది. తెర ముందే పట్టుకున్నాం కాబట్టి సరిపోయింది, అదే ఫ్లెక్స్ మీదికి వెళ్ళి ఉంటే చదరపు అడుగుల లెక్కన డబ్బు పోయేది.

పెద్దాయన కూడా ఇదే గోతిలో వేరే వైపు నుంచి పడ్డారు. మొదటి బిందువు రంగు మార్చి ఊరుకున్నారు. రెండోదాంట్లో పాత రంగు ఇంకా ఉంది, కనిపించదు. తర్వాత పారదర్శకతని తీసేయగానే ఎక్కడి నుంచో పాత ఆకుపచ్చ ఊడిపడింది. "నేను పచ్చ ఇవ్వలేదే!" అన్నారు. ఇచ్చారు, అరగంట క్రితం, ఆ దీర్ఘచతురస్రం గీసినప్పుడు.

మందు చిన్నదే. డాక్యుమెంట్ ప్రాపర్టీస్‌లో చెకర్‌బోర్డ్ బ్యాక్‌గ్రౌండ్ అనే టిక్కు ఉంది. అది పెడితే పారదర్శకమైన చోట గళ్ళు కనిపిస్తాయి, తెలుపు తెలుపుగా కనిపిస్తుంది. యూనిట్ టెంప్లేట్‌లో అది ఎప్పుడూ ఆన్‌లో ఉంచాం. డెవలపర్లని అడగదలచుకుంటే నేను అడిగేది, మొదటిసారి గ్రేడియంట్ ఇచ్చినప్పుడు "కరిగిపో" అన్నదీ "రెండు రంగులు" అన్నదీ విడివిడి బటన్లుగా ఇమ్మని. వాడేవాడి మనసులో అవి రెండు వేర్వేరు పనులు.

తెలుగు అక్షరం వేసే పరీక్ష

ఇంగ్లీషు పెద్దబడి అక్షరాలతో ఈ పరీక్ష చేసి ఉంటే కింది సంగతి బయటపడేదే కాదు. అవన్నీ ఒకే ఎత్తు. తెలుగులో "క" ఒక ఎత్తు, "కి" గుడితో పైకి, "క్ష్మి" వత్తులతో కిందికి, "శ్రీ" అటూ ఇటూ. డీటీపీ పనిలో ఇంకా చాలాచోట్ల యూనికోడ్ కాని అను ఫాంట్లే నడుస్తున్నాయి కాబట్టి టైటిల్ అక్షరాలు ఇంక్‌స్కేప్‌కి ఎక్కువగా గీతలుగా మారిన ముక్కల రూపంలోనే వస్తాయి. వత్తు ఒక ముక్క, అక్షరం ఒక ముక్క, గుడి ఒక్కోసారి ఇంకో ముక్క. అన్నీ సెలెక్ట్ చేసి ఫిల్ అండ్ స్ట్రోక్‌లో గ్రేడియంట్ నొక్కితే, ప్రతి ముక్కకీ దాని కొలతల ప్రకారం విడి గ్రేడియంట్ పడుతుంది. గోల్డ్‌లో తెల్ల మెరుపు గీత టైటిల్ అంతటా ఒకే మట్టంలో సాగాలి. మాకు వచ్చిన "శ్రీలక్ష్మి"లో ఆ గీత ఒక్కో అక్షరంలో ఒక్కో ఎత్తులో, వత్తుల్లో మళ్ళీ విడిగా మెరిసింది. గాలికి చెదిరిన తోరణంలా ఉంది.

అదే అన్నీ సెలెక్ట్ చేసి గ్రేడియంట్ టూల్‌తో మీద నుంచి కిందికి ఒక్క గీత లాగితే, అన్ని ముక్కలకీ ఒకే మొదలు, ఒకే చివర వస్తాయి. ఒకే చోట ఉన్న హ్యాండిల్స్ కలిసే కదులుతాయి కూడా. అంటే సాఫ్ట్‌వేర్‌కి చేతకానిది కాదు. బటన్ నొక్కితే ఒక అర్థం, గీత లాగితే ఇంకో అర్థం, ఆ తేడా ఎక్కడా రాసి లేదు. గ్రేడియంట్ ఈ ముక్కదా, సెలెక్షన్‌దా అని ఒక్క మాట అడిగితే చాలేది.

ఇంకో చిక్కు. ఇంక్‌స్కేప్ ప్రిఫరెన్సెస్‌లో గ్రేడియంట్ నిర్వచనాల్ని పంచుకోకుండా ఆపే టిక్కు మొదటి నుంచీ పెట్టే ఉంటుంది. ఒక అక్షరంలో రంగు మారిస్తే పక్క అక్షరం మారదు. సాధారణంగా ఇదే మంచిది. ఒకచోట మార్చితే ఊరంతా మారితే కంగారే. కానీ టైటిల్‌లో మనకి ఊరంతా మారడమే కావాలి. ఆ టిక్కు తీసేస్తే మిగతా పనులన్నిటిలో భయం. కాబట్టి ముక్కల్నే ఒకటి చేయడం నయం.

ఒకటి చేయడంలోనూ ఒక గొయ్యి ఉంది. పెద్దాయన చెయ్యి అలవాటుగా కంట్రోల్ ఎల్ కొట్టింది. కోరల్‌డ్రాలో అది కంబైన్. ఇంక్‌స్కేప్‌లో అది సింప్లిఫై, వంపుల్లోని నోడ్‌లు తగ్గించేది. అక్షరాలు ఒకటి కాలేదు సరికదా, వంపులు మెత్తబడి "శ" తల చదునైంది. చిన్న మార్పు కాబట్టి ఆయన వెంటనే గమనించలేదు, మళ్ళీ కొట్టారు, ఇంకా మెత్తబడింది. ఇంక్‌స్కేప్‌లో కంబైన్‌కి కంట్రోల్ కె. ప్రిఫరెన్సెస్‌లో కోరల్‌డ్రా కీల సెట్ కూడా ఉంది, వలస వచ్చేవాళ్ళు అది ముందు పెట్టుకోవాలి. ఇక తెలుగు అక్షరాలకైతే నేను కంబైన్ కూడా చెప్పను. వత్తు అక్షరం మీదికి ఎక్కిన చోట ముక్కలు ఒకదానిమీద ఒకటి పడి, ఫిల్ నియమాన్ని బట్టి రంధ్రం పడొచ్చు. యూనియన్ చేస్తే ఆ అతివ్యాప్తి కరిగి ఒకే ఆకారం మిగులుతుంది. దాని మీద ఒక్క గీత, ఐదు రంగులు, మెరుపు మట్టంగా వచ్చింది.

క్రిటా, మెష్ గురించి క్లుప్తంగా

బొమ్మలు వేసే సాఫ్ట్‌వేర్ క్రిటా గురించి కుర్రాడు అడిగాడు. 2021 డిసెంబర్‌లో వచ్చిన 5.0లో అక్కడ గ్రేడియంట్ ఎడిటింగ్‌ని బాగా మెరుగుపరిచారు. అందులో బిందువుల గ్రేడియంట్, ముక్కల గ్రేడియంట్ రెండు రకాలూ విడిగా ఉన్నాయి, గింప్ జీజీఆర్ ఫైళ్ళనీ చదువుతుంది. నిజాయితీ గల పద్ధతే, కానీ కొత్తగా వచ్చినవాడిని మొదటి క్షణంలోనే ఏ రకం అని అడగడం తొందర. గింప్ గొలుసు దీనికంటే మేలు.

ఇంక్‌స్కేప్ 0.92లో 2017లో వచ్చిన మెష్ గ్రేడియంట్ (వలలా పరిచిన బిందువుల మధ్య రంగులు కలిసేది) వెనుక తవ్‌మ్‌జాంగ్ బా చేసిన కృషి చాలా ఉంది. పువ్వు రేకులకి అద్భుతంగా పనిచేస్తుంది. ఎస్‌వీజీ 2 నుంచి ఆ భాగాన్ని తీసేశారు, బ్రౌజర్లు దాన్ని నేరుగా గీయవు. ప్రింట్‌కి పీఎన్‌జీగా మార్చుకుంటే ఇబ్బంది లేదు. ఆపరేటర్లకి మాత్రం ఇప్పుడే నేర్పొద్దన్నాను.

ఫ్లెక్స్ మీద చారలు

టూల్ వాడకంలో భాగం కాదనిపించే ఒక సంగతిని కూడా ఇందులో చేర్చాను, ఎందుకంటే ఆపరేటర్ దాన్ని తన తప్పు అనుకుంటాడు. బ్యాక్‌గ్రౌండ్‌కి ముదురు మెరూన్ నుంచి కాస్త తేలిక మెరూన్‌కి గ్రేడియంట్ వేస్తే, పెద్ద ఫ్లెక్స్ మీద చారలు కనిపిస్తాయి. లెక్క తేలికే. పది అడుగుల వెడల్పు, అంగుళానికి 72 పిక్సెళ్ళు అంటే 8640 పిక్సెళ్ళు. ఎనిమిది బిట్ల చిత్రంలో ఒక్కో రంగుకి 256 మెట్లే. రెండు మెరూన్‌ల మధ్య ఎరుపు తేడా 40 మెట్లు, మిగతా రెండూ దాదాపు కదలకుండా ఉంటే, ఒక్కో మెట్టు 216 పిక్సెళ్ళు, అంటే మూడు అంగుళాల చార. కంటికి కనిపించక ఏం చేస్తుంది?

గింప్ గ్రేడియంట్ ఆప్షన్లలో డిథరింగ్ అనే టిక్కు ఈ మెట్ల అంచుల్ని సన్నటి నూకలా చెదరగొడుతుంది. 2.10 నుంచి 32 బిట్ల ఫ్లోటింగ్ పాయింట్‌లో పనిచేసి చివర్లో ఎనిమిదికి దించుకునే వీలూ ఉంది. ఇంక్‌స్కేప్‌లో గ్రేడియంట్ డిథరింగ్ 1.2లో వచ్చింది. అది చేశాక ఫైలుని గట్టిగా కుదించిన జేపెగ్‌గా పంపితే ఆ నూక తుడిచిపెట్టుకుపోయి చారలు మళ్ళీ వస్తాయి. ప్రెస్‌కి పీఎన్‌జీ గానీ టిఫ్ గానీ ఇవ్వాలి. టిక్కు పేరు చూసి ఇదంతా ఊహించడం ఎవరి వల్లా కాదు. "చారలు తగ్గించు" అని ఉంటే ఇద్దరూ వాడేవాళ్ళు.

రంగులు కలిసే తీరు ఇంకోటి. కనకాంబరం నుంచి నెమలి నీలానికి పెళ్ళి బ్యాక్‌డ్రాప్ చేస్తే మధ్యలో బురద రంగు వస్తుంది. గింప్ 2.10లో గ్రేడియంట్ కలిసే రంగుల పద్ధతిని పర్సెప్చువల్, లీనియర్ అని మార్చి చూసుకోవచ్చు, తేడా కనిపిస్తుంది గానీ బురద పూర్తిగా పోదు. హెచ్‌ఎస్‌వీ ముక్క పెడితే బురద పోయి ఇంద్రధనుస్సు వస్తుంది, అది ఇంకా ఘోరం. ఇద్దరికీ నేర్పింది ఒకటే: మధ్యలో ఒక బిందువు పెట్టి, మీకు నచ్చిన రంగు చేత్తో ఇవ్వండి. పెద్దాయన "చీర అంచు రంగు పెడితే సరిపోద్ది" అని అక్కడికక్కడే వంగపండు రంగు పెట్టారు. బాగా కుదిరింది.

యూనిట్‌లో చివరికి కుదిరిన పద్ధతి

టైటిళ్ళు ఇంక్‌స్కేప్‌లో, ఫోటోలతో కూడిన బ్యాక్‌గ్రౌండ్‌లు గింప్‌లో. ఇంక్‌స్కేప్ టెంప్లేట్‌లో చెకర్‌బోర్డ్ ఆన్‌లో ఉంటుంది, పేజీ బయట గోల్డ్, సిల్వర్, కాపర్ మూడూ నింపిన మూడు దీర్ఘచతురస్రాలు ఉంటాయి. ఆపరేటర్ సున్నా నుంచి గ్రేడియంట్ మొదలుపెట్టడు. దీర్ఘచతురస్రాన్ని కాపీ చేసి, టైటిల్ మీద పేస్ట్ స్టైల్ కొట్టి, జి నొక్కి గీతని సరిచేస్తాడు. దీంతో పారదర్శకత గొయ్యి దానంతటదే తప్పుతోంది. గింప్‌లో యూనిట్ సొంత గ్రేడియంట్లు ఒక్కొక్కరి యూజర్ ఫోల్డర్‌లో కాకుండా షేర్డ్ ఫోల్డర్‌లో పెట్టి, ప్రిఫరెన్సెస్‌లో గ్రేడియంట్ ఫోల్డర్ల జాబితాకి దాన్ని కలిపాం. అందులో రాసే అనుమతి పెద్దాయన కంప్యూటర్‌కే ఇచ్చాం.

పాత కంప్యూటర్‌లో 2.8 తీసేయమన్నాను. ఆ మెషీన్‌లో 2.10 నెమ్మదిగా నడుస్తుందని యజమాని వెనకాడుతున్నారు. అది తేలేదాకా ఆ కంప్యూటర్‌లో గ్రేడియంట్ పని పెట్టొద్దని గోడ మీద రాసి అంటించాం.

సీఎంవైకే, అంటే ప్రెస్ వాడే నాలుగు సిరాల రంగుల సంగతి మాత్రం తెగలేదు. ఇంక్‌స్కేప్ పని చేసేది ఆర్‌జీబీలో. తెర మీద మెరిసిన గోల్డ్ ఆఫ్‌సెట్ కార్డు మీద కాస్త మట్టిరంగుగా దిగుతోంది. ఫ్లెక్స్‌కి ప్రింటర్ సాఫ్ట్‌వేర్ మార్చుకుంటుంది కాబట్టి సమస్య తక్కువ. కార్డుల కోసం పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ స్క్రైబస్‌లో అవే ఐదు రంగుల్ని సీఎంవైకే విలువలతో కట్టి, ప్రెస్‌లో ఒక నమూనా షీట్ తీయించమన్నాను. ఆ షీట్ వచ్చాక ఇంక్‌స్కేప్ టెంప్లేట్‌లోని మూడు దీర్ఘచతురస్రాల రంగుల్ని దానికి దగ్గరగా మార్చాలి.